మిలట్రీ మేడ మీద వాన

దిబ్బలపాలెంలో సముద్రపు ఒడ్డున ఒక కాంక్రీటు మేడ ఉంది. యుద్ధం రోజుల్లో జపాను ఓడలు వస్తాయేమో చూడడానికి మిలట్రీవాళ్లు కట్టారు. మూడంతస్తులు. యుద్ధం అయిపోయాక తలుపులూ కిటికీ చెక్కలూ ఊడదీసుకుని వెళ్లిపోయారు. కాంక్రీటు మాత్రం ఉప్పుగాలికి మిగిలింది. నేను అక్కడి ఎలిమెంటరీ బడికి బదిలీ అయి వచ్చేనాటికే దాని మూలలు కొరికినట్టు రాలిపోయాయి. గోడల నిండా గుంటలు. కిటికీల మీది సన్‌షేడ్ల అడుగున ఇనుప చువ్వలు బయటపడి, వాటి కింద నుంచి తుప్పు చారలు దిగాయి. ఊళ్లోవాళ్లు దాన్ని మిలట్రీ మేడ అంటారు. మా ఇంటి అరుగు మీద కూర్చుంటే ఇసుక, సరుగుడు మొక్కలు, వాటి వెనక ఆ మేడ కనిపిస్తాయి.

నాకు నీటిరంగులతో బొమ్మలు వేసే అలవాటుంది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విజయనగరం వెళ్లినప్పుడల్లా కాగితాలూ రంగుబిళ్లలూ తెచ్చుకునేవాణ్ణి. ఆ మేడని ఎండలో వేస్తే బాగానే వచ్చేది. వానలో వేస్తే వచ్చేది కాదు. నా భార్య పద్మకుమారికి నచ్చింది మాత్రం వానలో మేడే.

కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆమె ఒకసారి ఒడ్డుకి వెళ్లి వానలో చిక్కుకుంది. నేను గొడుగు పట్టుకుని గబగబా వెళితే, మేడ కింది గుమ్మం దగ్గర, సన్‌షేడ్ అడుగున నిలబడి తల పైకెత్తి చూస్తోంది. ఒళ్లంతా తడవకుండా ఆ కాస్త జాగాలో ఇమిడిపోయింది.

"గొడుగు సంగతి తరవాత. ముందు ఈ గోడ చూడండి. వాన తాగుతోంది," అంది.

అప్పటి నుంచి ప్రతి వానాకాలం నేను ఆ గోడని వేసేవాణ్ణి. వాన తగ్గాక అరుగు మీద కూర్చుని, గుర్తున్నంత మట్టుకు. వేసిన బొమ్మని గోడకి ఆనించి పిలిచేవాణ్ణి. ఆమె వంటింట్లోంచి వచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని, దూరంగా నిలబడి చూసేది.

"బాగుందండీ. కానీ ఈ వానకి గొడుగు అక్కర్లేదు," అనేది.

ఒక ఏడు చినుకులు సన్నగా, ఏటవాలుగా గీశాను. "ఇవేమిటి, చినుకులా చీపురుపుల్లలా?" అని అడిగింది. ఇంకో ఏడు గోడంతా నల్లగా పూశాను. "తడిసినట్టు లేదు. పొగచూరినట్టుంది," అంది. నాకు కోపం వచ్చేది కాదు. ఆమె చెప్పింది నిజం. "వచ్చే ఏడు తడిపి చూపిస్తాను," అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

అరవై ఎనిమిదో సంవత్సరం, ఫాల్గుణ మాసంలో, ఆమె పోయింది. జ్వరంతో మొదలైంది. అంతకన్నా రాయను.

ఆ ఏడు ఆషాఢం వచ్చినా వాన రాలేదు. వాన రాకముందే కబురు వచ్చింది. మిలట్రీ మేడకి తెల్ల సున్నం వేసి, మీద ఎర్ర పట్టీలు దిద్దుతారట. పగటిపూట ఓడలకి గుర్తుగా ఉండడానికి. నూకయ్య చెప్పాడు ఆ సంగతి. అతను తెప్ప మీద వేటకి వెళ్లే మనిషి, మా పొరుగువాడు.

"మేడకి పెళ్లి సేస్తన్నారు మాస్టారూ. తెల్ల పంచి, ఎర్ర అంచు. ఇంక సముద్రం మీద ఎంత దూరం పోనా అగుపడతాది," అన్నాడు సంతోషంగా.

అతని సంతోషంలో తప్పేమీ లేదు. మబ్బు రోజుల్లో ఒడ్డు కానరాక అతనివాళ్లు పడ్డ అవస్థ నాకు తెలుసు. కానీ సున్నం పడితే ఆ గోడ ఇక వాన తాగదు. నాకు ఒక్క వాన కావాలి, సున్నానికి ముందు. అంతే కావాలి.

వాన వద్దని కోరుకునే మనిషి కూడా మా అరుగు మీదే ఉండేది. నూకయ్య భార్య గురమ్మ. ఎండుచేపలు సంతకి మోసుకుపోతూ దారిలో తట్ట మా అరుగు మీద, గోడ వారన దింపి, మంచినీళ్లు తాగి పోవడం ఆమె అలవాటు. పద్మకుమారి ఉన్నప్పుడు నీళ్లు ఆమె ఇచ్చేది, కబుర్లు జరిగేవి. ఇప్పుడు గురమ్మ తనే కుండలో ముంచుకుని తాగుతోంది.

"వాన ఎప్పుడొస్తుందంటావు గురమ్మా?" అని అడిగాను.

"ఓలమ్మో, అలగనకండి మాస్టారూ! ఇసక నిండా సేపలు ఆరతన్నాయి. ఎండుసేపకి ఒక్క సినుకు తగిలిందా, పురుగు పట్టెస్తాది. మీరూ మాస్టరమ్మా ఇద్దరూ ఇద్దరే. నాను ఎండకి మొక్కుతుంటే ఆయమ్మ నా ఎదరే కూకుని వానకి మొక్కీది," అంది. అని, నా ముఖం చూసి, తట్ట నెత్తికెత్తుకుంది.

సున్నం మేస్త్రీ అప్పలసూరి నెల్లిమర్ల నుంచి వచ్చాడు. బండి మీద సున్నం బస్తాలు, నిచ్చెనలు, తాళ్లు, వెంట కూలీలు. సాయంత్రం మేడ చుట్టూ తిరిగి చూస్తున్నాడు. నేను వెళ్లి పలకరించాను.

"ఎప్పుడు మొదలుపెడతారు?"

"రేపొద్దున్నే, బాబూ. తొలి పూత మీ ఇంటి ఏపు గోడకే."

"ఒక్క వాన పడేదాకా ఆగడానికి వీలవుతుందా?"

అప్పలసూరి నన్ను పైనుంచి కిందికి చూశాడు. తరవాత కూలీల వైపు తిరిగి పెద్దగా నవ్వాడు.

"ఇన్నార్రా? సున్నం ఏసీవోణ్ణి పట్టుకుని వాన పడీదాకా ఆగమంటన్నారు మాస్టారు! పొయ్యి ముట్టించినోణ్ణి ఉండు, వాన రానీ అన్నట్టున్నాది."

నేను కారణం చెప్పలేదు. చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో నాకు తెలియదు. "నిజమే," అని వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న వాళ్లు నిచ్చెనలు వేశారు. మా బడి కిటికీలోంచి మేడ కనిపిస్తుంది. నేను పిల్లలకి భిన్నాలు చెబుతున్నాను. సగం చెప్పేసరికి పై అంతస్తు తెల్లబడింది. మధ్యాహ్నం అన్నాల గంటకి తెలుపు కింది కిటికీల దాకా దిగింది. నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తూ తెలుపు రంగు మీద కోపం తెచ్చుకున్నది ఆ రోజే. సాయంత్రం బడి వదిలేవేళకి గోడ మొత్తం తెల్లగా అయిపోయింది. సన్‌షేడ్లూ, గుంటలూ, తుప్పు చారలూ అన్నీ ఒకటే తెలుపు.

గంట కొట్టించి, తలుపు వేసి మెట్టు దిగాను. ముఖానికి చల్లగాలి తగిలింది.

అంతదాకా కొండ వైపు నుంచి వీస్తున్న వేడిగాలి ఆగిపోయింది. తూర్పున సముద్రం రంగు మారింది. నీలం లేదు, పచ్చ లేదు, సీసంలా ఉంది. దాని మీద ఒక చివర నుంచి ఒక చివరకి మబ్బు గీత కట్టింది. తెప్పలు ఒడ్డుకి వచ్చేస్తున్నాయి. ఇసుక మీద ఆడవాళ్లు అరుచుకుంటూ చేపలు ఎత్తుతున్నారు.

గోడ పోయింది, ఇంకెందుకు వాన అని ఒక పక్క అనుకుంటూనే ఇంటికి పరుగెత్తాను. అట్టకి బిగించిన కాగితం, రంగుల డబ్బా, కుంచెలు, చెంబుతో నీళ్లు పట్టుకుని మళ్లీ ఒడ్డుకి పరుగు. ఊళ్లో నేను పరుగెత్తడం ఎవరూ చూసి ఎరగరు.

"మాస్టారు పరిగెడతన్నాడ్రోయ్!" అని ఎవరో అరిచారు. "ఏ బండి తప్పిపోనాదో!"

సరుగుడు మొక్కలు దాటేసరికి మొదటి చినుకులు ఇసుక మీద టపటపా పడ్డాయి. గురమ్మ చేపల్ని కుప్ప చేసి, దాని మీద తెప్ప తెరచాప కప్పాలని ఒక్కతీ పెనుగులాడుతోంది. గాలి చాపని లాక్కుంటోంది.

"ఆ అట్ట ఒగ్గీసి ఇటు రండి మాస్టారూ! బేగి, ఆ కొస పట్టండి!"

అట్టని చొక్కాలో కుక్కుకుని, డబ్బా, కుంచెలు, చెంబు ఇసుక మీద పెట్టి కొస పట్టుకున్నాను. నూకయ్య తెప్పని లాగిపెట్టి పరుగున వచ్చి మూడో కొస పట్టాడు. ముగ్గురం చాపని కుప్ప మీదికి లాగి అంచుల మీద ఇసుక పోశాం. అప్పటికి వాన కుండపోత అయింది. నేను ముఖం తుడుచుకుని తల ఎత్తాను.

మేడ మీద నుంచి పాలు కారుతున్నాయి.

పచ్చి సున్నం. పై అంచు నుంచి తెల్లటి పాయలుగా జారి, కిటికీ గట్ల మీద నిలిచి, పొర్లి, మళ్లీ దిగుతోంది. దాని వెనక నుంచి గోడ బయటికి వస్తోంది. మొదట బూడిద రంగు మచ్చలు. మచ్చలు కలిసి పెద్దవయ్యాయి. తరవాత తుప్పు చారలు, ఒక్కొక్కటీ, నాకు తెలిసినవన్నీ, ఏదీ తప్పకుండా. నిచ్చెన మీద నుంచి దిగిన అప్పలసూరి చేతిలో కుంచె పట్టుకుని నిలబడి ఆ పాలధార చూస్తున్నాడు.

"గురమ్మా! మేడ!" అన్నాను.

"ఏటైనాది? కూలిపోతందేటి?"

"లేదు. వచ్చేసింది. నాకు తడవని చోటు కావాలి. ఇప్పుడే కావాలి. కాగితం మీద వాన పడకూడదు."

ఆమె నా చొక్కాలోంచి తొంగిచూస్తున్న అట్టని చూసింది. మేడని చూసింది.

"ఏటయ్యా అలాగ సూస్తావు? ఆ తెడ్డు తే! సాప ఒక పక్క ఎత్తు. మాస్టారు సేపల పక్కన కూకుంటారు."

"ఎత్తితే సేపలు తడిసిపోవా?" అన్నాడు నూకయ్య.

"ఈ ఏపు గాలి నేదు. ఎత్తు అంటన్నానా!"

నూకయ్య తెడ్డు ఇసుకలో గుచ్చి చాప అంచుని పైకి ఎత్తి పట్టుకున్నాడు. నేను డబ్బా, కుంచెలు, చెంబు తీసుకుని వంగి లోపలికి దూరి ఎండుచేపల కుప్పకి వీపు ఆనించి కూర్చున్నాను. అట్ట ఒళ్లో పెట్టుకున్నాను. చాపకి తుమ్మచెక్క రంగు పట్టించి ఉండడం వల్ల లోపల వెలుగంతా ఎర్రగా ఉంది. డబ్బాలో ఏది నీలమో ఏది నలుపో కంటికి తెలియడంలేదు. ఏ బిళ్ల ఎక్కడుంటుందో చేతికి తెలుసు. చేతిని నమ్ముకుని కుంచె ముంచాను.

కాగితం మొత్తం నీళ్లతో తడిపాను. గోడ ఆకారం పెన్సిలుతో గీయలేదు. అంత వ్యవధి లేదు. పై నుంచి రంగు వదిలాను, వాన దిగినట్టే. గోడ పై భాగం ఎక్కువ తాగింది కనుక అక్కడ ముదురు. కిటికీ గట్టు మీద నీళ్లు మెరుస్తున్నాయి కనుక అక్కడ రంగు పెట్టలేదు. చినుకులు ఎక్కడా గీయలేదు. చినుకులు కనిపించేది చీకటి కిటికీల ఎదుటే. వాటిని ఇన్నేళ్లూ గోడ మీద గీశాను. చీపురుపుల్లలు!

గాలి ఒక్కసారి లోపలికి కొట్టింది. అట్ట లేచిపోబోయింది.

"పట్టుకో గురమ్మా!"

నా పక్కనే లోపలికి దూరిన ఆమె గభాలున రెండు చేతులతో అట్ట అంచు పట్టుకుంది. అప్పటిదాకా కుప్పలో ఉప్పుచేపలు సర్దుతున్న తడి చేతులవి. మోచేతుల దాకా ఉప్పు అంటుకుని ఉంది. ఆ విసురుకి ఉప్పు కళ్లు జలజలా రాలి పచ్చి రంగు మీద పడ్డాయి.

"ఓలమ్మో, పాడుసేసినానేటి?" అంది అట్ట వదలకుండానే.

తుడవబోయి ఆగాను. ఒక్కొక్క ఉప్పు కల్లు చుట్టూ రంగు కదులుతోంది. కల్లు నీళ్లని తనలోకి లాక్కుంటోంది. రంగు వెనక్కి జరిగి అంచు కడుతోంది. మధ్యలో వెలిసిపోయిన గుంట తేలుతోంది. దాని పక్కన ఇంకొకటి. రెండూ కలిసి వంకర టింకర మచ్చ. నేను ఎన్నేళ్లు కుంచె మొనతో పొడిచి పొడిచి రాని గోడ, నా కళ్ల ముందు తనంతట తాను కాగితం మీదికి వస్తోంది. ఇరవై ఏళ్లకి పైగా ఆ మేడకి ఉప్పు చేసిన పనే ఇది. కాగితం మీద చిటికెలో చేస్తోంది.

"ఇంకా వెయ్యి," అన్నాను.

"ఏటీ?"

"ఉప్పు. ఇంకో పిడికెడు తియ్యి. చేపల మీదిదే. ఇక్కడ, ఈ మూల. రాల్చు!"

"ఇదేటి వంటనుకున్నారేటి!" అంటూనే ఆమె ఒక చేత్తో కుప్పలోంచి ఉప్పు గీకి రాల్చింది. "సాలా?"

"చాల్లేదు."

"మాస్టారికి దాహమేస్తాది, సూడొలే!" అని నూకయ్య బయట నుంచి నవ్వాడు. అతను తెడ్డు పట్టుకుని నిలువునా తడుస్తున్నాడు.

అంతలో అప్పలసూరి కూడా చాప కిందికి దూరాడు. గడ్డం నుంచి సున్నంనీళ్లు కారుతున్నాయి.

"పొద్దుట నుంచి పడ్డ పాటు గంగలో కలిసిపోనాది," అన్నాడు ఎవరినీ చూడకుండా. "సున్నంలో బంక ఇంకా ఏయాల్సింది, గోడకి పట్టుండీది. మాస్టారూ, నిన్న మీ నోటంటే వాన మాటొచ్చింది. నోరు మంచిది కాదు బాబూ మీది."

అతను మెడ చాచి కాగితం చూశాడు.

"ఈ గుంట," అని వేలు పెట్టబోయాడు. గురమ్మ అతని చెయ్యి మీద కొట్టింది. "ఈ గుంట నాకు తెలుసు. రెండో కిటికీ పక్కది. కుంచెంతా మింగీసింది, సున్నం ఎంత పెట్టినా నిండనేదు. అదీ! దాని కింద ఇంకోటుండాల... ఉన్నాది! ఓర్నాయనో, ఎప్పుడేసినారు?"

"నేను వెయ్యలేదు," అన్నాను. "పడింది."

తుప్పు చారలు మిగిలాయి. ఎర్రమట్టి రంగు కుంచె కొసకి తీసుకుని సన్‌షేడ్ చువ్వల కింద ఒక్కొక్క బొట్టు పెట్టాను. తడి కాగితం మీద అవి వాటంతట అవే కిందికి దిగాయి. బయట మేడ మీద కూడా దిగుతున్నాయి. ఒకదాన్ని చూస్తూ ఒకదాన్ని వదిలాను. నూకయ్య వంగి, "ఎడం పక్క ఒకటి మరిసిపోనారు," అన్నాడు. అప్పలసూరి, "మరవనేదు, అది నిచ్చెన మరక," అన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నేను ఆ చార వేశాను. తరవాత చూస్తే నిచ్చెన మరకే.

చివరికి కింది గుమ్మం వచ్చింది. గోడంతా నల్లబడినా, సన్‌షేడ్ అడుగున మనిషి పట్టేంత జాగా ఇంకా పొడిగా, లేత బూడిద రంగులో ఉంది. కాగితం మీద అక్కడికి రంగు పాకుతోంది. గుడ్డముక్కతో అద్ది ఆపాను. ఆ జాగాలో ఏమీ పెట్టలేదు.

"అదేటి, అక్కడ ఒగ్గీసినారు?" అంది గురమ్మ.

"అక్కడ తడవలేదు గురమ్మా."

ఆమె మేడ వైపు చూసింది. "అవును. అక్కడ తడవదు," అంది మెల్లగా. అట్ట అంచు మీద ఆమె వేళ్లు కాస్త బిగిశాయి.

వాన వచ్చినంత వేగంగానూ పోయింది. చాప దించి చేపల్ని చూసుకుంటే గాలి వైపు అంచున ఉన్నవి కొన్ని తడిశాయి. గురమ్మ నూకయ్యని తిట్టింది, తెడ్డు సరిగా పట్టలేదని. నూకయ్య వానని తిట్టాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అప్పలసూరి మర్నాడు బంక చిక్కగా కాచి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి నేను కిటికీలోంచి కోపం లేకుండా చూశాను. మూడోనాటికి ఎర్ర పట్టీలు కూడా దిద్దారు. మేడ కొత్తగా, ఎవరిదో అన్నట్టు ఉంది. నూకయ్య తెప్ప మీద వెళ్లి చూసి వచ్చి, ఎంత దూరం నుంచి కనబడుతోందో ఊరందరికీ చెప్పాడు.

బొమ్మ ఆరాక ఉప్పు కళ్లు దులిపి, అరుగు మీద గోడకి ఆనించాను, ఎప్పుడూ ఆనించే చోటే. దూరంగా నిలబడి చూశాను. బాగుందో లేదో నాకు తెలియలేదు. చెప్పే మనిషి లేదు. బాగుందా అని ఊళ్లో ఎవరినీ అడగలేను. అడిగితే బాగుందనే అంటారు. ఆ మాట నాకు అక్కర్లేదు.

సంత రోజు వచ్చింది. ఎండ చురచురలాడుతోంది. గురమ్మ ఎప్పటిలాగే తట్ట తెచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ, అలవాటు చొప్పున గోడ వారన, బొమ్మ పక్కన దింపింది. కుండ దగ్గరికి వెళ్లి నీళ్లు ముంచుకుని తాగింది. చెంబు బోర్లించి వెనక్కి తిరిగింది.

తిరిగినది ఒక్క అంగలో తట్ట దగ్గరికి వచ్చి, దాన్ని రెండు చేతులతో ఎత్తి, అరుగు రెండో చివరకి తీసుకుపోయి పెట్టింది. మీద తాటాకు చాప సరిగా కప్పి, అంచులు లోపలికి దోపింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఏమైంది గురమ్మా? తట్ట ఎందుకు జరిపావు?"

"ఏటీ నేదు మాస్టారూ. అక్కడ తడి..." అంటూ బొమ్మ వైపు చూసింది. బయట ఎండ వైపు చూసింది. మళ్లీ బొమ్మ వైపు చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మో! బొమ్మ కదేటి! ఎండుసేప తడిసిపోతాదనీసి... నా మతి మండా!"

ఆమె పడీ పడీ నవ్వింది. తట్ట మాత్రం వెనక్కి జరపలేదు.

నేను లోపలికి వెళ్లాను. తలుపు వెనక మేకుకి గొడుగు ఆ ఫాల్గుణం నుంచి అలాగే వేలాడుతోంది. తీసి దుమ్ము దులిపాను. అరుగు మీదికి తెచ్చి బొమ్మ పక్కన గోడకి చేరేశాను.

గురమ్మ నవ్వు ఆపి చూసింది.

"ఇంత ఎండలో గొడుగేటి మాస్టారూ?"

"కావాలి గురమ్మా," అన్నాను.